పది నెలలు ఈడ, రెండు నెలలు ఆడ

బీరయ్య పటాలం నుంచి పింఛను మీద ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఆశమ్మ మెస్సులో భోజనానికి వచ్చినవాళ్లందరినీ వరసలో నిలబెట్టాడు. పళ్లెం ఎడమ చేత్తో పట్టుకోవాలి, ముందువాడికి మూరెడు దూరంలో నిలబడాలి, పెట్టించుకున్నది మిగల్చకూడదు. వంటగదిలో జొన్నరొట్టెలు కాలుస్తున్న ఆశమ్మకు బయట గోల ఒక్కసారిగా ఆగిపోవడంతో అనుమానం వచ్చింది. పిండి చేతులతోనే వచ్చి చూసింది. సర్కారు ఉద్యోగం కోసం ఐదారేళ్లుగా అశోక్‌నగర్ గదుల్లో మగ్గుతున్నవాళ్లు, ఊళ్లో పెళ్లాం పిల్లలున్నవాళ్లు, బడిపిల్లల్లా బిక్కమొహాలు వేసుకుని గోడవారగా నిలబడి ఉన్నారు.

"ఏందిది?" అంది.

"డిసిప్లిన్," అన్నాడు బీరయ్య. "ఇన్నొద్దులు లేకుండె. ఇయాల్టి సంది ఉంటది."

ఆశమ్మ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లేసరికి పెనం మీది రొట్టె మాడి ఉంది. దాన్ని తీసి పక్కన పడేసి, ఈ మనిషి ఇంకెన్నాళ్లు ఇక్కడ ఉంటాడా అని మొదటిసారి పైకే అనుకుంది.

ఆశమ్మది నారాయణపేట దగ్గర పల్లె. పదకొండేళ్లప్పుడు తల్లి కురుమమ్మ ఆమెను వెంటబెట్టుకుని కూలి పనికి హైదరాబాదు వచ్చింది. పాత పెంకుటిళ్లు పడగొట్టి నాలుగేసి అంతస్తులు లేపుతున్న రోజులవి. ఇవాళ కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడుతున్న మేడల్లో రెండింటికి స్లాబు వేసిననాడు తల్లీ కూతుళ్లిద్దరూ కంకర తట్టలు అందించారు. ఐదో తరగతి దాకా చదివిన చదువు అంతటితో ఆగిపోయింది. పద్దెనిమిదో ఏట మేనబావ వరసైన బీరయ్యతో పెళ్లయింది. మరుసటి సంవత్సరం మహబూబ్‌నగర్ మైదానంలో పరుగు పందెం నెగ్గి, ఛాతీ కొలిపించుకుని, అతను సైన్యంలో చేరిపోయాడు.

అప్పటి నుంచి పంతొమ్మిదేళ్లు చిక్కడపల్లి వెనక బస్తీలో ఒక కిరాయి గదిలో ఆశమ్మ కాపురం. కాపురం అంటే తల్లితో, తర్వాత కూతురు ప్రేమతో. మొగుడు ఏడాదికి రెండు నెలలు సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన రోజునే మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపించేవాడు. నల్లా దగ్గర పొరుగువాళ్లతో తగువు పెట్టుకునేవాడు. ఆశమ్మ ఎవరితో మాట్లాడాలో, ప్రేమ ఎన్నింటికి లేవాలో తేల్చేవాడు. అతను రైలెక్కిన మర్నాడు ఆమె మంచాన్ని మళ్లీ పాత చోటికి లాక్కునేది, నల్లా దగ్గరికి వెళ్లి క్షమించమని బతిమాలుకునేది.

అదంతా ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. ప్రేమ తర్వాత ఒక మగపిల్లవాడు పుట్టాడు. పదకొండు రోజులు బతికాడు. బీరయ్య రాజస్థాన్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. దొరకకపోవడం అతని తప్పు కాదని ఆశమ్మకు తెలుసు. కాని నాలుగు నెలలకు వచ్చినప్పుడు, గడపలో బూట్లు విప్పుకుంటూ, "పోతే పోయిండు తియ్, మళ్ల పుడతడు," అన్నాడు. ఆ తర్వాత ఆమెకు మళ్లీ కానుపు కాలేదు. ఆ మాట గురించి ఆమె ఒక్కనాడూ అతన్ని అడగలేదు.

మెస్సు పెట్టింది పిల్లవాడు పోయిన సంవత్సరమే. మొదట నలుగురికి వండేది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదువుకునే కుర్రాళ్లకు క్యారేజీలు మోసుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టి తినిపించేది. నలుగురు పదిమందయ్యారు, పదిమంది నలభై మందయ్యారు. అప్పుడు అశోక్‌నగర్ గల్లీలో శ్రీరామమూర్తిగారి ఇంటి కింది భాగం కిరాయికి దొరికింది. మూర్తిగారు ఆడిట్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. వాళ్ల నాన్నగారు యాభై ఏడులో గుంటూరు నుంచి ఉద్యోగం మీద వచ్చి కట్టుకున్న ఇల్లది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, గోంగూర పప్పు, చింతకాయ తొక్కు. పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకు అది అమ్మ చేతి తిండి. మిగిలినవాళ్లకు కూడా అలవాటైపోయింది. ఇప్పుడు రోజుకు ఎనభై మంది తింటారు. ప్రేమ కోఠి కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది.

కాపురం మాత్రం ఇంకా బస్తీ గదిలోనే. బీరయ్య పింఛను మీద దిగి వచ్చింది ఈ సంసారంలోకి.

నెల తిరక్కుండానే అతను వంటగదిలో డబ్బాలన్నీ మార్చేశాడు. కారం ఉన్నచోట పసుపు, పప్పు ఉన్నచోట బియ్యం. పొద్దున ఐదింటికి విజిల్ వేసేవాడు. నారాయణగూడ మార్కెట్లో ఆశమ్మకు పదేళ్లుగా కూరగాయలిచ్చే తిమ్మమ్మతో తూకం దగ్గర గొడవపడి, ఆమెను దొంగ అన్నాడు. ఆశమ్మ సాయంత్రం వెళ్లి తిమ్మమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

ఆఖరికి ఉదయ్ కుమార్ దగ్గర తెగింది. ఉదయ్ కుమార్ కానిస్టేబుల్ పరీక్ష రాసినవాడు. ఆ పొద్దునే ఫలితాలొచ్చాయి, అతని నంబరు లేదు. రొట్టె సగం తిని పళ్లెం పక్కన పెట్టి లేచాడు.

"కూసో," అన్నాడు బీరయ్య. "తినందె లేవొద్దు."

"ఇయాల సయిస్తలేదన్న."

"సరిహద్దుల మేము గడ్డిలెక్క ఎండిన రొట్టె తిన్నం. మీకు సయించదా? ఇట్లుంటె పోలీసు నౌకరి ఏమొస్తది?"

ఉదయ్ కుమార్ మొహం ఎర్రబడింది. "నువ్వు ఆడ హవల్దారు కావచ్చన్న. ఈడ ఆశమ్మక్క మొగనివి. అంతే," అన్నాడు.

బీరయ్య అతని కాలరు పట్టుకున్నాడు. నలుగురు లేచి విడిపించారు. మర్నాటి నుంచి పన్నెండు మంది పక్క గల్లీలో మెస్సుకు పోయారు. ఆశమ్మ ఆ సాయంత్రం గిన్నెలు బోర్లించి, మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు మళ్ల పో," అంది.

"ఏడికి?"

"ఏడికైతే ఏడికి. నీకు ఇల్లు పడదు. ఇంటికి నువ్వు పడవు."

నిజానికి బీరయ్య కూడా అదే ఆలోచనలో ఉన్నాడు. దారులు రెండున్నాయి. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ అని ఒకటుంది. పింఛను మీద దిగిన జవాన్లను మళ్లీ పూర్తి కాలానికి తీసుకుని ఆయుధ డిపోలకూ ఫ్యాక్టరీలకూ కాపలా పెడుతుంది. మొదటి ఒప్పందమే పదేళ్లు. ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి. రెండోది టెరిటోరియల్ ఆర్మీ. బయట ఏదో ఒక సంపాదన చేసుకుంటున్నవాళ్లు అందులో చేరతారు. ఏడాదికి రెండు నెలలు శిక్షణకు పోవాలి, మిగతా రోజులు ఇంటిపట్టునే. అవసరం పడి పిలుపొస్తే అప్పుడు మళ్లీ యూనిఫాం వేసుకోవాలి. పాత దోస్తు ఒకడు రెండింటి కాగితాలూ ఫోన్లో పంపించాడు.

"నేను టెరిటోరియల్‌కు పెడుతున్న," అన్నాడు బీరయ్య.

"వద్దు. పూర్తిగ పో."

"మొగడు ఇంటికాడ ఉంటనంటె పొమ్మనే పెండ్లాన్ని ఇప్పుడే చూస్తున్న."

"పంతొమ్మిదేండ్లు ఎవలు పొమ్మంటె పోయినవు?"

"దేశం కోసం పోయిన."

"మల్ల ఇప్పుడు దేశమేమన్న ఆడనే ఆగిపోయిందా? పో."

బీరయ్య కోపాన్ని దిగమింగి, తెలివితక్కువ మనిషికి లెక్క చెప్పినట్లు వేళ్లు మడిచాడు. "ఇన్నొద్దులు పది నెలలు ఆడ, రెండు నెలలు ఈడ. ఇప్పుడు ఉల్టా. పది నెలలు ఈడ, రెండు నెలలు ఆడ. దాంట్ల నీకొచ్చిన నొప్పి ఏంది?"

"ఆ పది నెలలే," అంది ఆశమ్మ.

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా మాటలు ప్రేమ ద్వారానే నడిచాయి. ఉప్పు కావాలంటే ప్రేమకు చెప్పాలి. ప్రేమ కాలేజీకి పోతే ఉప్పు లేకుండానే తినాలి. మూడు వారాలు అలా గడిచాక ఒక మధ్యాహ్నం, వడ్డన జోరుగా ఉన్న వేళ, బీరయ్య వంటగది గుమ్మంలోకి కాగితాలు పట్టుకుని వచ్చాడు. గ్యాస్ కనెక్షన్ పెద్దది చేయిస్తున్నాను, సంతకాలు కావాలన్నాడు. ఆ పని చెయ్యమని ఆశమ్మ సంవత్సరం నుంచి అందరినీ అడుగుతూనే ఉంది. ఒక పక్క పప్పు పొంగుతోంది. ఇన్నాళ్లకు ఒక్క పని ఆదుకున్నాడనుకుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చూపించిన చోటల్లా పెట్టింది.

పదిహేను రోజులకు మెస్సు గోడ మీద, ఆమె పేరున్న పాత లైసెన్సు ఉన్నచోట, అద్దం కట్టించిన కొత్త కాగితం వేలాడింది. ఆశమ్మ నీళ్ల బిందె దించి, దగ్గరికెళ్లి ఒక్కో అక్షరం చదువుకుంది. యజమాని పేరు: బీరయ్య. పక్కన యూనిఫాంలో అతని ఫోటో. గుమ్మం పైన కొత్త ఫ్లెక్సీ కట్టే పని జరుగుతోంది. బీరయ్య మిలిటరీ మెస్.

ఆమె ముందు మేడ మీదికి వెళ్లింది. మూర్తిగారు పేపరు చదువుతున్నారు.

"ఇల్లు గలాయన అభ్యంతరం లేదని రాసియ్యాలె గద సార్, పేరు మార్చాలంటె. మీరు రాసిచ్చిండ్రా?"

మూర్తిగారు కళ్లజోడు తీశారు. "ఇచ్చానమ్మా. ఆయన వచ్చి, ఇద్దరం అనుకున్నాం అన్నాడు. మిలిటరీ మనిషి, పైగా మీ ఆయనే కదా అని..."

"పన్నెండేండ్ల నుంచి మీకు కిరాయి ఎవలిస్తుండ్రు సార్?"

"నువ్వేనమ్మా."

"ఒక్కమాట నన్ను అడగాలె గద."

"పొరపాటయింది. అయినా మొగుడూ పెళ్లాలకు వేరువేరు పేర్లేమిటి, ఎవరి పేరున ఉంటే ఏముందిలే అనుకున్నాను."

"మీ ఇల్లు మీ ఆమె పేరు మీద రాయుండ్రి సార్. ఏమున్నదో తెలుస్తది," అని ఆశమ్మ మెట్లు దిగి వచ్చేసింది. పన్నెండేళ్లలో ఆయనతో గొంతు పెంచి మాట్లాడడం అదే మొదలు.

కింద బీరయ్య ఫ్లెక్సీ వంకరగా ఉందేమో చూస్తున్నాడు. ఆమెను చూసి ముందే అందుకున్నాడు. "అరవకు. టెరిటోరియల్‌ల చేరాలంటె సొంతంగ సంపాదన ఉన్నట్టు కాగితం చూపియ్యాలె. అంతకోసమే. మెస్సు నీదే, కాగితం నాది."

"గ్యాస్ అన్నవు."

"చెప్తె పెడుతుంటివా సంతకం?"

"పెట్టకపోతుంటి."

"అందుకే చెప్పలె."

ఆశమ్మ లోపలికి పోయి మూడు పొయ్యిలూ ఆర్పేసింది. అన్నం సగం ఉడికి ఉంది. బయట ముప్ఫై మంది పళ్లేలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. చెప్పులు తొడుక్కుని వాళ్ల మధ్య నుంచి నడుస్తూ, "ఓనరు ఆయన. ఆయన్నే అడుగుండ్రి అన్నం," అంది. అంతే. బస్తీకి నడిచి వెళ్లిపోయింది.

బీరయ్య పంతం పట్టి తనే వండాడు. లంగరులో, అంటే పటాలం వంటశాలలో, వందమందికి చేసిన అనుభవం ఉందన్నాడు. మొదటి రోజు పూరీలు, ఆలుగడ్డ కూర పెట్టాడు. నలభై మంది తిన్నారు. రెండో రోజూ అవే. పదిహేను మంది వచ్చారు. మూడో రోజు ఉప్మా అడుగంటింది. అప్పటికే ఆశమ్మ బస్తీ గదిలో పాత స్టవ్వు మీద వండి, ప్రేమను వెంటబెట్టుకుని లైబ్రరీ మెట్ల దగ్గరికి క్యారేజీలు తీసుకుపోతోంది. ఉదయ్ కుమార్ ఎదురొచ్చి రెండు సంచులు అందుకున్నాడు. పక్క మెస్సుకు పోయిన పన్నెండు మందిలో తొమ్మిది మంది ఆ వారమే తిరిగొచ్చారు.

రాత్రి పడుకోవడానికి బీరయ్య కూడా ఆ గదికే రావాలి. వచ్చేవాడు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తండ్రికీ తల్లికీ మధ్య నలిగిపోయిన ప్రేమ ఒక ఆదివారం పొద్దున అతన్ని నిలదీసింది.

"నాయినా, అమ్మ పూర్తిగ పొమ్మంటుంది, నువ్వు ఈ సగం పనికే పట్టుబట్టినవు. డిపో నౌకరీకి ఎందుకు పోవు? అసలు సంగతి చెప్పు."

ఆశమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. ఆమెకు వినబడుతుందని తెలిసే బీరయ్య చెప్పాడనిపిస్తుంది.

"ఆడ హవల్దారుగ తీసుకోరు బిడ్డా. మళ్ల సిపాయిగ ఎక్కాలె. నా కింద రైఫిల్ పట్టుకొనుడు నేర్చుకున్న పోరగాండ్లు నా ముంగట నిలబడి ఆర్డరిస్తరు. నా చాతకాదు."

చాట ఆగింది. "నేను ఎనభై మంది ఎంగిలి పళ్లాలు కడిగిన," అంది ఆశమ్మ, అతని వైపు చూడకుండా. "తట్ట మోసిన మేడ ముంగటనే చీపురు పట్టిన. ఒక్కనాడు సిగ్గనిపియ్యలె. నీకు సిపాయిగ నిలబడనీకె సిగ్గొస్తుంది. పెండ్లాం మెస్సు కాజెయ్యనీకె రాలె."

బీరయ్య చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

టెరిటోరియల్ ఎంపిక సికింద్రాబాద్‌లో జరిగింది. పొద్దున పోయాడు. నలభై ఏళ్ల వయసులో కూడా పరుగులో ముందు వరసలో వచ్చాడట. ఆ తర్వాత కాగితాలు చూసే బల్ల దగ్గర ఒక మేజరు లైసెన్సు తిరగేసి, సరదాగానే రెండు ప్రశ్నలు వేశాడట. మెస్సు ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నావు? రోజుకు ఎన్ని కిలోల బియ్యం పడతాయి? బీరయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్లు ఆఫీసరు అడిగినదానికి ఉన్నది ఉన్నట్లు చెప్పడం తప్ప అతనికి ఇంకోటి అలవాటు లేదు. "తెల్వదు సాబ్. మెస్సు నా భార్యది. కాగితం కోసం నా పేరున రాయించుకున్న," అన్నాడు. మేజరు కాగితాలన్నీ దగ్గరికి చేర్చి, వాటిని అతని చేతికే ఇచ్చి, ఇంటికి పొమ్మన్నాడు.

ఇదంతా ఆ సాయంత్రం అతనే చెప్పాడు. ప్రేమకు కాదు, నేరుగా ఆశమ్మకే. చెప్పి, పేరు తిరిగి మార్చడానికి కావలసిన ఫారం మీద సంతకం చేసి, అద్దం కట్టిన లైసెన్సుతో పాటు ఆమె ముందు పెట్టాడు. ఏదో ఒక మంచి మాట వస్తుందని ఎదురు చూశాడేమో, కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆశమ్మ ఫారం తీసుకుని రెండుసార్లు చదివింది. ఈసారి ప్రతి గీతా చదివింది.

"సాబ్ ముంగట అబద్ధం చెప్పనీకె నోరు రాలె," అంది. "నా ముంగట వచ్చింది."

"తప్పయింది."

"అయింది."

ఆ పూట ఆమెకు ఏడుపు వచ్చింది, ఎందుకో తెలియక ఇంకా కోపం వచ్చింది. అంత నిజాయితీ మనిషిలో ఉండగా, దాన్ని ఇంటి గడప బయటే వదిలేసి లోపలికి వచ్చాడు ఇన్నేళ్లూ. ఆ నిజం తనకు దక్కి ఉంటే, పదకొండు రోజుల పిల్లవాడి గురించి ఇద్దరూ కూర్చుని ఏడ్చి ఉండేవాళ్లు. ఇప్పుడు కూర్చున్నా ఆ ఏడుపు రాదు. దాని కాలం అయిపోయింది.

మర్నాడే బీరయ్య డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు. పిలుపు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతను మెస్సు వైపు రాలేదు. పొద్దున ఇందిరా పార్కు చుట్టూ పరిగెత్తేవాడు, మధ్యాహ్నం గదిలో ఒంటరిగా పడుకునేవాడు. ఆశమ్మ అశోక్‌నగర్‌కు తిరిగి వచ్చింది. ఫ్లెక్సీ తనే కత్తితో కోసి దించింది. డబ్బాలు పాత చోట్లకు చేరాయి. మూర్తిగారు ఒకరోజు కిందికి దిగి వచ్చి, "నా మీద ఇంకా కోపమేనా అమ్మా?" అని అడిగితే, "కోపమే సార్," అని ఆయనకు పచ్చిపులుసు పోసి ఇచ్చింది.

అతను వెళ్లిన రోజున ప్రేమ ఒక్కతే స్టేషన్‌కు పోయింది. ఆశమ్మకు వడ్డన వేళ. గుమ్మం దగ్గర నల్ల ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడి, "పోతున్న," అన్నాడు. "మంచిది," అంది. పొయ్యి మీద రొట్టె ఉంది, తలెత్తితే మాడిపోతుంది. అయినా తలెత్తి చూసింది. భుజం మీద హవల్దారు మూడు పట్టీలు లేని మామూలు చొక్కాలో అతను పెళ్లినాటి కన్నా చిన్నగా కనిపించాడు. జాలి పడదామనుకుంది. పడలేకపోయింది.

మహారాష్ట్రలో ఏదో డిపో గేటు దగ్గర డ్యూటీ వేశారు. ఆదివారాలు ప్రేమకు ఫోన్ చేస్తాడు. తన కన్నా చిన్నవాడు, హవల్దారుకు ఒక మెట్టు కింద ఉండే నాయక్ ఒకడు తన బూట్లకు పాలిష్ సరిగా లేదని అందరి ముందు తిట్టాడని ఒకసారి చెప్పాడట. ప్రేమ అది చెప్పి తల్లి మొహం చూసింది. ఆశమ్మ మెంతికూర తుంచుతూ, "ఏమన్నడంట?" అని అడిగింది.

"ఎస్ సర్ అన్నడంట."

"అనాలె," అంది ఆశమ్మ.

మొన్న అతనికి మొదటి సెలవు మంజూరయింది. రావచ్చునా అని అడగమన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో వస్తానని చెప్పడమే గాని, రావచ్చునా అని అడగడం ఎప్పుడూ లేదు. ప్రేమ ఫోన్ చేత్తో మూసిపెట్టి నిలబడింది.

ఆశమ్మ నారాయణగూడ నుంచి వచ్చిన టమాటాల్లో మెత్తవి ఏరి పక్కన పెట్టింది.

"రమ్మను. పండుకోనీకె చోటుంటది," అంది. "మెస్సులకు మాత్రం రావద్దు. ఆకలైతే ఇంట్ల స్టవ్వుంది, బియ్యమున్నయి. వండుకొమ్మను."

"అంతేనా అమ్మా?"

"అంతే. జల్ది చెప్పు, ఆయన ఫోన్ పట్టుకొని నిలబడ్డడు."